మూడోసారి వచ్చే బేరం

కొత్త హోటలుకు మొదటి నెల బేరాలు బాగానే ఉంటాయి. అందులో మీ గొప్ప ఏమీ లేదు, అదంతా బోర్డు గొప్ప. జంషెడ్‌పూర్‌లో, సోనారిలోనో కదమాలోనో, ముప్పై కుర్చీలు వేసి థాయ్ హోటల్ తెరిచారనుకోండి. బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లు వస్తారు, వెళ్దామనుకుని ఆగిపోయినవాళ్లు ఇంకా ఎక్కువమంది వస్తారు. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చి ఫొటోలు దిగుతారు. గల్లాపెట్టె మూత పడదు. నాలుగో నెల వచ్చేసరికి ఒక మంగళవారం రాత్రి ఎనిమిదింటికి రెండు టేబుళ్లే నిండి ఉంటాయి, మాస్టర్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఏం తగ్గింది? రుచా? ప్రచారమా? రేటు ఎక్కువైందా? చాలామంది యజమానులు ఇక్కడే తొందరపడతారు. మెనూలో ఇరవై కొత్త ఐటమ్‌లు చేరుస్తారు, యాప్‌లో భారీ ఆఫర్ పెడతారు, చౌరస్తాలో ఇంకో ఫ్లెక్సీ కట్టిస్తారు. ఇవేవీ చేయకముందు ఒక్క లెక్క వేసుకోండి.

మీ పేటలో ఈ ధర పెట్టి బయట తినగలిగే కుటుంబాలు రెండు వేలు ఉన్నాయనుకుందాం. ఇంటికి ముగ్గురు చొప్పున ఒక్కో కుటుంబం ఒక్కసారి వచ్చి రుచి చూస్తే మొత్తం 6000 ప్లేట్లు. మీ ముప్పై కుర్చీలు రాత్రికి రెండుసార్లు నిండితే రోజుకు 60 ప్లేట్లు, నెలకు 26 రోజుల లెక్కన 1560. అంటే మీ పేటలో ఉన్న కుతూహలమంతా నాలుగు నెలల్లో అయిపోతుంది. నాలుగో నెలలో టేబుళ్లు ఖాళీ కావడం వింత కాదు, కాకపోతేనే వింత. ఇప్పుడు ఇదే లెక్కను తిరగేసి చూడండి. 260 కుటుంబాలు నెలకు రెండేసిసార్లు వస్తే అవే 1560 ప్లేట్లు. మీకు కావలసింది ఊరంతా కాదు, ఆ 260 ఇళ్లు. కాబట్టి ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే: పేటలో నడిచే థాయ్ హోటల్ కొత్తదనాన్ని అమ్ముకుని బతకలేదు, అలవాటైతేనే బతుకుతుంది. మొదటిసారి మనిషి కుతూహలంతో వస్తాడు, రెండోసారి ఎవరినో వెంటబెట్టుకుని వస్తాడు. మూడోసారి ఏ కారణమూ లేకుండా, ఇంట్లో వండే ఓపిక లేక వస్తాడు. ఆ మూడోసారి కోసమే మీ వంటిల్లు, మీ వేళలు, మీ సరుకు అన్నీ అమరి ఉండాలి.

‘థాయ్ వంటకు అలవాటేమిటి, అది పండగపూట తిండి కదా’ అంటారా? ఇడ్లీ దోశలు కూడా ఈ ఊళ్లో పుట్టినవి కావు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి మనవాళ్లు, ఇంకా దిగువ నుంచి తమిళులు, మలయాళీలు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడితే వాళ్లతోపాటు వచ్చాయి. ఇవాళ బిష్టుపూర్‌లో పొద్దున్నే దోశ తినే బిహారీ కుటుంబం తాము పరాయి వంట తింటున్నామనుకోదు. చైనా వంట సంగతీ అంతే. కలకత్తా ట్యాంగ్రాలో స్థిరపడిన చైనీయుల వంటిళ్ల నుంచి బయలుదేరి, 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ చేశాడని చెప్పుకునే మంచూరియా దాకా వచ్చేసరికి అది పెళ్లి భోజనాల్లోకి దూరింది. రెండు చోట్లా పని చేసింది ఒకటే. దగ్గరలో దొరికింది, ఒకే రుచిలో దొరికింది, ఆకలి వేసిన వేళకు దొరికింది. థాయ్ హోటలుకు ఈ మూడూ ఎలా కుదురుతాయో చూద్దాం.

1. ఊరి గడియారం చూసి షట్టర్ ఎత్తండి

టాటా స్టీల్‌లో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. అప్పటి నుంచి ఈ ఊరి నిద్రా తిండీ షిఫ్టుల ప్రకారమే నడుస్తున్నాయి. ఏ షిఫ్టు పొద్దున్న 6 నుంచి 2 దాకా, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10 దాకా, సి షిఫ్టు 10 నుంచి మళ్లీ తెల్లవారి 6 దాకా. హోటలు పెట్టేవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలిసి కూడా వేళలు మాత్రం కలకత్తా, హైదరాబాద్ చూసి పెడతారు. రాత్రి ఏడున్నరకు వంటిల్లు మొదలుపెట్టి, తొమ్మిదింటికి రద్దీ వస్తుందని ఎదురుచూస్తారు. వస్తుందా? ఏ షిఫ్టు వారంలో ఇంటాయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, తొమ్మిది దాటితే కళ్లు మూతపడతాయి. సి షిఫ్టు వారంలో తొమ్మిదింపావుకు ఇల్లు వదలాలి. బి షిఫ్టు వారంలో రాత్రి పది దాకా ప్లాంటులోనే ఉంటాడు. ఈ మూడూ కలిపి చూస్తే కుటుంబం కలిసి బయట తినగలిగే వేళ సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే. ఆ రెండు గంటల్లో మీ బర్నర్లు వెలిగి, కర్రీ ముద్దలు సిద్ధంగా ఉండి, ఆర్డర్ ఇచ్చిన పావుగంటలో ప్లేటు టేబుల్ మీదికి రావాలి. సి షిఫ్టుకు వెళ్లాల్సిన మనిషిని నలభై నిమిషాలు కూర్చోబెడితే కర్రీ అమృతంలా ఉన్నా అతను మళ్లీ రాడు. అతనికి కోపం వచ్చి కాదు, వచ్చే తీరిక ఉండక.

బి షిఫ్టు వారాన్ని మాత్రం వదులుకోకండి. ఆ వారం ఇంటాయన పొద్దున్నంతా ఖాళీ, ఒంటిగంటకల్లా బయలుదేరాలి. పదకొండున్నరకు అన్నం, ఒక కర్రీ, చిన్న గిన్నెలో సూప్ కలిపి భోజనం సెట్టుగా పెడితే భార్యాభర్తలిద్దరూ వస్తారు. పన్నెండున్నరకు మొదలయ్యే లంచ్ వీళ్లకు పనికిరాదు. టెల్కో వైపు, ఆదిత్యపూర్ వైపు షాపు పెడితే అక్కడి ఫ్యాక్టరీల వేళలు కనుక్కోండి. వారాంతపు సెలవు కూడా అందరికీ ఆదివారం కాదు. ‘మీ ఆఫ్ ఎప్పుడండీ?’ అని కౌంటర్లో అడిగి తెలుసుకోవడం ఏ సర్వే కన్నా మేలు.

గడియారం తరవాత క్యాలెండర్. దుర్గాపూజకు ముందు కంపెనీ బోనస్ పడుతుంది, ఆ వారాల్లో ఊళ్లో డబ్బు కదులుతుంది. మార్చి 3న స్థాపక దినోత్సవం, జూబిలీ పార్కు దీపాలు చూడటానికి ఊరంతా బయటే ఉంటుంది. ఛఠ్ వచ్చిందంటే దానికి తలకిందులు, ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మీ సప్లయర్లలో సగంమంది ఊళ్లకు పోతారు. శ్రావణంలో మాంసం బేరం పడిపోతుంది, ఇక్కడే తెలుగువాళ్లు లెక్క తప్పుతారు. ఉత్తరాది పంచాంగంలో నెల పౌర్ణమి తరవాత మొదలవుతుంది, మనకు అమావాస్య తరవాత. 2025లో ఇక్కడ సావన్ జులై 11న మొదలైతే మన శ్రావణ మాసం జులై 25న మొదలైంది. మన క్యాలెండర్ చూసి కోడిమాంసం తెప్పించినవాళ్లకు ఆ రెండు వారాల సరుకు ఫ్రీజర్లోనే మిగులుతుంది. ఇక జనవరి మధ్యలో టుసు. పోట్కా, చాయిబాసా, సరాయికేలా వైపు పల్లెల నుంచి వచ్చిన మీ హెల్పర్లకు అది ఏడాదిలో పెద్ద పండగ, మీకూ సంక్రాంతి అప్పుడే. ఆ మూడు రోజులూ తాళం వేయడమే మంచిదని నా అభిప్రాయం. సగం మనుషులతో నడిపి పేరు పోగొట్టుకోవడం దేనికి?

2. మెనూ పన్నెండు దాటనివ్వకండి

చేతిలో పుస్తకమంత మెనూ ఉంటే పెద్ద హోటల్‌లా కనిపిస్తుందని ఒక భ్రమ. మీ వంటిల్లు ఒకటి, బర్నర్లు మూడో నాలుగో, మాస్టర్ ఒకడు. రెండు సూప్‌లు, ఒక బొప్పాయి సలాడ్, సతాయ్, పాడ్ థాయ్, ఒక ఫ్రైడ్ రైస్, మూడు కర్రీలు, రెండు వేపుళ్లు, ఒక తీపి చాలు. కర్రీల్లో రెడ్, గ్రీన్‌తోపాటు మసమన్ తప్పకుండా ఉంచండి. బంగాళాదుంప, వేరుశెనగ, యాలకులు, దాల్చినచెక్క పడే ఆ కూర ఇక్కడి బెంగాలీ, బిహారీ నాలుకకు మొదటి ముద్దలోనే పరిచయమైపోతుంది. కొత్తగా వచ్చిన కుటుంబానికి ముందు దాన్నే పెట్టండి, గ్రీన్ కర్రీకి వాళ్లే వస్తారు.

మెనూ చిన్నదైతే దక్కే పెద్ద లాభం ఒకే రుచి. మూడోసారి వచ్చే మనిషి పోయినసారి తిన్నదే మళ్లీ కావాలని వస్తాడు. తేడా ఎక్కడ వస్తుందో దగ్గరగా చూడండి. మూకుట్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి మరగనిస్తే కాసేపటికి అది విరిగి, అంచుల వెంట నూనె బొట్లు బొట్లుగా తేలుతుంది. అప్పుడు ముద్ద వేసి, అడుగంటకుండా గరిటె తిప్పుతూ వేయిస్తే నిమ్మగడ్డి పచ్చివాసన పోయి, ముద్ద రంగు ఒక ఛాయ ముదిరి, నూనె మళ్లీ పైకి వస్తుంది. ఆ తరవాతే పల్చటి పాలు. దీనికి అయిదారు నిమిషాలు కావాలి. శనివారం రాత్రి పన్నెండు టేబుళ్లు అరుస్తుంటే మాస్టర్ ఏం చేస్తాడు? ముద్ద, పాలు ఒకేసారి పోసేసి మంట పెంచుతాడు. ప్లేటు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. తినేవాడికి పచ్చి వెల్లుల్లి నాలుకకు తగిలి ‘ఏదో తేడాగా ఉంది’ అనిపిస్తుంది. ఆ మాట మీతో అనడు. బిల్లు కట్టి వెళ్లిపోతాడు. దీనికి మందు సులువే. సాయంత్రం అయిదింటికే ఆ రాత్రికి సరిపడా ముద్దను నూనె తేలేదాకా వేయించి, చల్లార్చి, గిన్నెల్లో సర్ది పెట్టుకోవడం. రద్దీలో తొందరపడ్డా పాడయ్యేది ఉండదు. ఇంకొక మాట, డబ్బాలో వచ్చే కొబ్బరిపాలు కొన్ని ఎంత మరిగించినా విరగవు, విడిపోకుండా ఉండటానికి వాటిలో ఏదో ఒకటి కలుపుతారు. అలాంటిదైతే ఒక చెంచా నూనె మీరే పోసి ముద్ద వేయించండి.

‘ఊరి నాలుకకు తగ్గట్టు మారిస్తే ఇక థాయ్ ఎక్కడ మిగిలింది?’ ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మంచూరియా దారిలో పోయి, సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ పోసి పైన కొత్తిమీర చల్లి థాయ్ అని అమ్మేవాళ్లున్నారు. అయితే థాయ్ వంట చరిత్ర చూస్తే మార్పు దానికి కొత్త కాదు. మిరపకాయ అమెరికా ఖండాలది, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల రాక తరవాత ఆసియాలో పాకింది, ఇప్పుడు అది లేని థాయ్ వంటను ఊహించలేం. పాడ్ థాయ్ ప్రజల్లోకి వెళ్లింది 1938లో ప్రధాని అయిన ఫిబున్ సోంగ్‌క్రామ్ కాలపు జాతీయవాద ప్రచారంతో. ఇంకా ముఖ్యమైన సంగతి వాళ్ల నూడుల్స్ షాపుల్లో ప్రతి టేబుల్ మీదా కనిపిస్తుంది: ఒక స్టాండులో నాలుగు గిన్నెలు. ఎండుకారం, చక్కెర, సిర్కాలో నానిన మిరపముక్కలు, మిరప వేసిన చేపసాస్. ఉప్పు, పులుపు, తీపి, కారం ఎవరికి కావలసినట్టు వాళ్లే సరిచేసుకుంటారు, వంటవాడు చిన్నబుచ్చుకోడు. మీరూ అదే చేయండి. కూర కారాన్ని మధ్యస్థంగా ఒకే కొలతలో ఉంచి, ఆ గిన్నెలు టేబుల్ మీద పెట్టండి. మన శ్రీకాకుళం పెద్దాయన మిరపముక్కలు గుమ్మరించుకుంటాడు, పక్క టేబుల్లో పాప చక్కెర కలుపుకుంటుంది. వంటింట్లో మాత్రం ఇద్దరిదీ ఒకటే గిన్నె. మార్చకూడనిది ఏమిటంటే తాజా ఆకులు, వేళ్లు దంచిన ముద్ద, ఆ నాలుగు రుచుల తూకం. మిగతాది బేరమాడుకోవచ్చు.

3. మంగళవారం ప్లేటు

ఈ ఊళ్లో చాలా ఇళ్లలో మంగళవారం, గురువారం, శనివారం మాంసం ముట్టరు. సోమవారం మానేసేవాళ్లూ ఉన్నారు. జుగ్‌సలాయి మార్వాడీ కుటుంబాలు ఏ రోజూ తినవు, వాళ్లలో జైనులు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. అంటే వారంలో సగం రోజులు మీ బేరం శాకాహారం చేతిలో ఉంది. ఇప్పుడు మీ మెనూ చూసుకోండి. కోడిమాంసం తీసేసి పనీర్ వేసిన కర్రీనే శాకాహారం అంటున్నారా? ఆ ముద్దలో రొయ్యల పేస్టు ఉంది, రసంలో చేపసాస్ ఉంది. ఇది పొరపాటు కాదు, మోసం. తెలిసిన రోజున ఒక్క బేరం పోదు, ఆ మనిషి చుట్టాలూ పక్కాలూ అందరూ పోతారు.

పరిష్కారం పద్ధతిలోనే ఉంది. ముద్దలన్నీ రొయ్యల పేస్టు లేకుండానే రుబ్బించండి. రొయ్యల పేస్టు, చేపసాస్ మాంసం వండే మూకుట్లో మాత్రమే, వంట మధ్యలో పడాలి. శాకాహారానికి తేలికరకం సోయా సాస్, ఉప్పు, పులియబెట్టిన సోయాగింజల ముద్ద ఆ లోటు తీరుస్తాయి. ముద్ద ఒకటే కాబట్టి పని పెరగదు. మూకుడు, గరిటె, చెక్కపలక మాత్రం వేరు, పిడికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంచండి. చేపసాస్‌ను కాలుతున్న మూకుడులో నేరుగా పోయనివ్వకండి. ఆ ఘాటు హాలంతా కమ్మేస్తుంది, శాకాహారి కుటుంబం ప్లేటు రాకముందే లేచి నిలబడుతుంది. రసం మరిగాక పోస్తే ఆ గొడవ ఉండదు.

‘ఉల్లి, వెల్లుల్లి లేకుండా థాయ్ ఏమిటండీ, అది వంటను చంపేయడమే’ అని మాస్టర్ మొండికేస్తాడు. థాయ్‌లాండ్‌లోనే దానికి జవాబుంది. అక్కడ చైనా సంతతివాళ్లతో మొదలై దేశమంతా పాకిన ‘జే’ పండగ ఉంది, చాంద్రమానం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. ఫుకెట్‌లో పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆ రోజుల్లో మాంసం, చేపసాస్‌తోపాటు ఉల్లి, వెల్లుల్లి జాతివన్నీ మానేసి, షాపుల ముందు పసుపు జెండాలు కడతారు. చాలా ఏళ్లలో అది మన శరన్నవరాత్రులప్పుడే వస్తుంది. ఆ తొమ్మిది రోజులూ మీరు ‘జే’ భోజనం పెడితే అది రాజీ కిందికి రాదు, ఆ దేశపు సంప్రదాయమే. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం, నిమ్మాకు, కొత్తిమీర వేళ్లు, మిరియాలు కలిస్తే ఉల్లి లేని లోటు నాలుకకు తెలియదు. నవరాత్రులకు ఒకసారి పెట్టి చూడండి, ఆ తరవాత ప్రతి మంగళవారమూ అడుగుతారు.

తులసి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాంకాక్ వీధుల్లో మాంసంతో వేయించే ‘కప్రావ్’ ఆకు మన ఇళ్లలో పూజించే తులసి జాతిదే. దాన్ని కోడిమాంసంతో వేయించి, మెనూలో ఆ పేరే రాసి, ఈ ఊళ్లో ఎవరిని మెప్పిద్దామని? సబ్జా గింజలు ఇచ్చే రుద్రజడ జాతిలోనే థాయ్‌వాళ్లు కూరల్లో వేసే రకం ఉంది. వేపుడుకూ అదే వాడండి, మెనూలో బేసిల్ అని రాయండి. కొంచెం రుచి తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఆ నష్టం భరించదగ్గదే.

4. ఏది కొనాలి, ఏది పెంచాలి

అలవాటు కావాలంటే సరుకు ఆగకూడదు. ‘ఇవాళ గ్రీన్ కర్రీ లేదండీ, ఆకు రాలేదు’ అన్న మాట మూడోసారి వచ్చినవాడి చెవిన పడితే నాలుగోసారి ఉండదు. సరుకును మూడు వాటాలుగా చూసుకోండి. సాక్చి బజారులో రోజూ దొరికేవి ఒక వాటా: పచ్చి బొప్పాయి, కొత్తిమీర, నిమ్మకాయలు, బీన్స్, చేపలు. చింతపండు, వేరుశెనగ, బెల్లం జుగ్‌సలాయి హోల్‌సేల్‌లో. పామ్ షుగర్ డబ్బా కొనేబదులు ఊరెళ్లినప్పుడు లేతరంగు తాటిబెల్లం తెచ్చుకోవడం నయం. టాటానగర్ నుంచి విజయనగరం మీదుగా ఎర్నాకుళం పోయే రైలు ఉండనే ఉంది.

రెండో వాటా కలకత్తాది. తాజా దుంపరాష్ట్రకం, నిమ్మాకు, చేపసాస్, బియ్యపు నూడుల్స్ న్యూమార్కెట్లో దొరుకుతాయి. పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరి, కొనుక్కుని, సాయంత్రం అదే బండిలో రాత్రికి ఇల్లు చేరవచ్చు. ప్రతివారం పరుగెత్తనక్కర్లేదు. దుంపను బిళ్లలుగా కోసి, నిమ్మాకును ఉన్నదున్నట్టు ఫ్రీజర్లో పెడితే నెలల తరబడి ఉంటాయి. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే ఎండు దుంప చౌక కదా అని అది వేయకండి, కూర కషాయం వాసన వేస్తుంది. మూడో వాటా మీ పెరడు. నిమ్మగడ్డి ఒక్క దుబ్బు నాటితే చాలు, ఏడాదిలో పిలకలు పంచిపెట్టేంత అవుతుంది. బేసిల్‌ను ఫ్రీజర్లో పెడితే నల్లబడి పోతుంది కాబట్టి అది తప్పనిసరిగా కుండీల్లోనే. పూత వస్తే ఆకు చేదెక్కుతుంది, కొనలు తుంచుతూ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు, పైగా హోటలు మీద ఒక కన్ను వేస్తారు.

కౌంటర్ దగ్గర రెండు పుస్తకాలు ఉంచండి. అమ్మకం పుస్తకం అందరికీ ఉంటుంది. పారబోసిన పుస్తకం ఎంతమందికి ఉంది? రాత్రి షట్టర్ దించే ముందు ఏం పారేశామో, ఎంత పారేశామో, ప్లేట్లలో ఏది వదిలేశారో రాయండి. నెల తిరిగేసరికి మెనూలో ఏ ఐటమ్ తీసేయాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

5. యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

‘ఇప్పుడంతా ఫోన్‌లోనే, అలవాటు కూడా యాప్‌లోనే పడుతుంది కదా’ అనే వాదనలో కొంత నిజముంది. లెక్క మాత్రం చూడండి. కర్రీ, అన్నం కలిపి 280 రూపాయలు, అందులో సరుకు 95 అనుకుందాం. టేబుల్ మీద తింటే మీ చేతిలో 185 మిగులుతుంది. యాప్ కమిషన్ పావువంతు అనుకుంటే 70, ప్యాకింగ్ 15 పోగా మిగిలేది 100. మీ వాటాగా 20 శాతం డిస్కౌంట్ కూడా ఇచ్చారా, కమిషన్ తగ్గిన ధర మీదే పడినా మిగిలేది 58. అద్దె, జీతాలు, గ్యాసు అందులోంచే. యాప్ కొత్తవాళ్లను తెస్తుంది, తేనివ్వండి. డబ్బాలో మీ ఫోన్ నంబరున్న కార్డు పెట్టి, నేరుగా ఫోన్ చేసినవాళ్లకు పార్సిల్‌తోపాటు చిన్న గిన్నె సూప్ ఇవ్వండి. ఇంకొక జాగ్రత్త, ప్రయాణం తట్టుకునేవే యాప్‌లో పెట్టండి. కర్రీలు తట్టుకుంటాయి. పాడ్ థాయ్ ఇరవై నిమిషాల్లో ముద్ద కట్టేస్తుంది, బొప్పాయి సలాడ్ నీరు కారుతుంది. బాగాలేని పాడ్ థాయ్ ఇంటికి చేరిస్తే తిట్లు పడేది డెలివరీ కుర్రాడికి కాదు.

6. కాగితాలు

దీని గురించి ఎక్కువ చెప్పను. షాపు ఏ హద్దులో ఉందో ముందు చూడండి. బిష్టుపూర్, సాక్చి వైపు నోటిఫైడ్ ఏరియా కమిటీ, మాంగో, ఆదిత్యపూర్‌లకు వేరే నగర నిగమాలు, ఆదిత్యపూర్ అయితే జిల్లాయే వేరు. కంపెనీ లీజు భూమిలో అద్దెకు దిగేముందు అక్కడ వ్యాపారానికి అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా చూడండి, అడ్వాన్సు ఆ తరవాత. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 2022 జనవరి 1 నుంచి బిల్లు మీదా ఉండాలి. ఇంటి సిలిండర్ వంటింట్లోకి రానివ్వకండి, 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడండి.

7. మాస్టర్ ఊరెళ్లే నెల

ఈ తరహా వంటిళ్లలో మాస్టర్లు చాలామంది డార్జిలింగ్ కొండల నుంచి, నేపాల్ నుంచి వస్తారు. దశాయిఁ వాళ్లకు ఇల్లు చేరక తప్పని పండగ. అది దుర్గాపూజ రోజుల్లోనే వస్తుంది, అంటే ఈ ఊళ్లో బోనస్ డబ్బు కదిలే వారాల్లో. మీకు ఏడాదిలో మంచి బేరం ఉన్నప్పుడే మీ రుచి రైలెక్కుతుంది. బతిమాలో, జీతం పట్టి ఉంచో ఆపేవాళ్లున్నారు. అలా ఆగినవాడు పండగ అయ్యాక వెళ్లి తిరిగి రాడు.

‘మాస్టర్ చేతిలో ఉన్నది మన పుస్తకంలోకి ఎలా వస్తుంది, రుచి చేతివాటం కదా’ అంటారు. ఎసరు చూసి ఉప్పు వేయడం చేతివాటమే, కాదనను. ముద్ద మాత్రం తూకం. థాయ్ ప్రభుత్వమే 2002లో విదేశాల్లో థాయ్ హోటళ్ల సంఖ్య పెంచాలని ఒక పథకం చేపట్టింది, అక్కడి వాణిజ్య శాఖ ‘థాయ్ సెలెక్ట్’ అనే గుర్తింపు ఇస్తోంది. చేతివాటం ఒక్కటే ఆధారమైతే దేశాలు దాటి అలాంటి గుర్తింపు ఇవ్వడం కుదిరే పనేనా? కాబట్టి మాస్టర్ చేరిన నెలలోనే అతని పక్కన త్రాసు పెట్టి, నిమ్మగడ్డి ఎన్ని గ్రాములు, దుంప ఎన్ని, మిరప ఎన్ని అని మీ చేతిరాతతో రాసుకోండి. అతనికి అనుమానం రాకూడదంటే దాచిపెట్టి రాయకండి. ‘మీరు ఊరెళ్లినా మీ పేరు చెడకూడదు భాయ్’ అని చెప్పి రాయండి, దశాయిఁ సెలవూ దారిఖర్చూ అప్పుడే ఖాయం చేయండి. హెల్పర్లలో ఒకడికి, వీలైతే టుసుకు తప్ప ఊరెళ్లని స్థానిక కుర్రాడికి, వారానికి ఒక మధ్యాహ్నం మూకుడు అప్పగించండి. మొదట ఇంటి మనుషులకు, తరవాత లంచ్ సెట్టుకు, ఆ తరవాత ఒక గురువారం రాత్రికి.

దుర్గాపూజ ఏర్పాటు మాత్రం ముందే జరగాలి. బోనస్ ఎంతో పేపర్లో వచ్చిన రోజే ముద్దల లెక్క వేసుకోండి. ప్లేటుకు 40 గ్రాముల చొప్పున 500 కర్రీలకు 20 కిలోలు. మాస్టర్ రైలెక్కడానికి పది రోజుల ముందు రెడ్ ఎనిమిది, గ్రీన్ ఏడు, మసమన్ అయిదు కిలోలు అతని చేతే రుబ్బించి, కిలో చొప్పున ప్యాకెట్లు కట్టి, తేదీ రాసి ఫ్రీజర్లో వేయండి. మొదటి ప్యాకెట్ అతను ఉండగానే విప్పించి, కుర్రాడితో వండించి, ఇద్దరూ కలిసి తినండి.